మేస్త్రి విన్న రాక్

మేస్త్రి పోయాడని స్వరూప ఫోన్ చేసినప్పుడు నేను ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతున్నాను. కింద సూర్యాపేట బస్సుల కోసం జనం తోసుకుంటున్నారు, ఆటోవాళ్లు అరుస్తున్నారు, ఏమీ సరిగ్గా వినపడలేదు. ఏంటమ్మా, ఏంటి, అని రెండుసార్లు అడిగాను.

"నాయిన పోయిండు అన్నా. పొద్దుగాల చాయ్ అడిగిండు. నేను పెట్టి తెచ్చేలోపట్నే అయిపోయింది" అంది తండ్రి గురించి. కొంచెం ఆగి, "నువ్వు జల్ది రా. మామ ఏందేందో చేస్తున్నడు" అంది.

ఆ రెండో మాట ఎందుకు అన్నదో వాళ్ల సందులోకి తిరిగేసరికి తెలిసింది. నా ఫోన్‌కి ఒక పోస్టర్ వచ్చింది. మేస్త్రి ఫొటో. జీవితమంతా బస్సు డిపోలో మెకానిక్‌గా వేసుకున్న ఖాకీ చొక్కా మాయమై తెల్ల చొక్కా వచ్చింది. నుదుట మూడు విభూతి రేఖలు వచ్చాయి. కింద ముదురు అక్షరాలతో 'భక్తి గీతాల ప్రియులు' అని రాసి ఉంది. పంపింది స్వరూప మేనమామ, అంటే మేస్త్రి బావమరిది. గుమ్మం పక్కనే కుర్చీలు సర్దిస్తూ కనపడ్డాడు.

"ఏంటండీ ఇది?" అని ఫోన్ చూపించాను.

"ఏమైంది సార్? జర సాఫ్ చేయించిన. పాత ఫోటోల మొత్తం గ్రీజు మరకలే ఉండె."

"ఆయన భక్తి గీతాలు ఎప్పుడు విన్నాడు?"

"మరేమని రాయాలె? ఇంగ్లీషు లొల్లి పాటలు ఇంటుండె అని రాయాల్నా? పదిమంది సదువుతరు సార్."

రాయాలి. అందుకే ఇది రాస్తున్నాను. మేస్త్రి నాస్తికుడు కాడు. ఏడాదికోసారి గుట్ట మీద గుడికి పోయి వచ్చేవాడు, ప్రసాదం మా ఇంట్లోనూ ఇచ్చేవాడు. ఆయన్ని నాస్తికుణ్ని చేస్తే అది నా వైపు నుంచి ఇంకో అబద్ధం అవుతుంది. కానీ ఆయనకు ప్రాణమైనది రాక్ సంగీతం. ముప్పై ఏళ్లకు పైగా, చెవులు పనిచేసినన్నాళ్లూ, పనిచేయడం మానేశాక కూడా, విన్నాడు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి సిటీ బస్సుల కింద పడుకుని బోల్టులు బిగించిన మనిషి రాక్ వింటాడా అని మీకు నవ్వు రావచ్చు. రానివ్వండి. ఆ నవ్వు మీదే నాకు కోపం. అది మన సంగీతం కాదంటారు. మరి హార్మోనియం ఎవరిది? పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం క్లారినెట్ ఎవరి పెరట్లో మొలిచింది? అవి మనవైపోయినప్పుడు ఎవరూ రసీదు అడగలేదు. ఇంకో రకంవాళ్లున్నారు, ఊరికి పడమటివైపు, చేతికి కాగితం పట్టీ కట్టించుకుంటే తప్ప లోపలికి రానివ్వని పబ్బుల్లో కూచుని రాక్ తమ సొత్తు అనుకునేవాళ్లు. వాళ్లలో ఏ ఒక్కడికైనా మేస్త్రి చెవిలో సగం ఉంటే నేను కలం పారేస్తాను.

మా నాన్నది బ్యాంకు ఉద్యోగం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. వెనక వాటాలో మేస్త్రి, ఆయన భార్య, కూతురు స్వరూప కిరాయికి ఉండేవాళ్లు. నేను ఇంటర్ చదువుతూ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కి పోయేవాణ్ని. ఆదివారం మధ్యాహ్నం లెక్కలు చేసుకోవడానికి కూచుంటే వెనక గోడలోంచి ఏదో కొట్టుకుంటున్న చప్పుడు వచ్చేది. చెవికంటే ముందు బల్లకి తెలిసేది. పెన్సిలు దానంతటది దొర్లేది.

నాన్న పెరటి గుమ్మంలో నిలబడి, "మేస్త్రిగారూ, కాస్త ఆ గోల తగ్గించండి, మావాడికి పరీక్షలు" అనేవాడు. "తగ్గిస్తా సార్" అనేవాడు మేస్త్రి, నిజంగానే తగ్గించేవాడు. ఒకసారి నాన్న నిద్రపోతుంటే నేనే వెళ్లాను.

"కాకా, నాన్న తగ్గించమన్నారు."

"తగ్గించిన గద బిడ్డా. నువ్వు దగ్గరికి ఒచ్చినవ్, అందుకే పెద్దగ ఇనవడుతున్నది. కూసో."

కూచున్నాను. ఆ రోజు లెక్కలు చేయలేదు. తర్వాత కూడా పెద్దగా చేయలేదు.

ఆయన దగ్గరికి ఆ సంగీతం ఒక గోనెసంచిలో వచ్చింది. ఉస్మానియాలో చదువుకునే ఒక విదేశీ విద్యార్థి తన మోటార్ సైకిల్ ఈయన చేతే బాగుచేయించుకునేవాడట. చదువైపోయి దేశం వెళ్లిపోతూ క్యాసెట్ల సంచి ఈయనకిచ్చి పోయాడు. ఒక్కదానికీ అట్ట లేదు, పేరు లేదు. ఎవరు పాడారో, ఏ ఊరివాళ్లో, ఏ కాలం నాటిదో చెప్పే ఒక్క ముక్క లేదు. ఇంకెవరైనా అయితే వాటిమీద సినిమా పాటలు ఎక్కించుకునేవాళ్లు. మేస్త్రి వాటిని బస్సుల్లా చూశాడు. షెడ్డులోకి పేరు లేని బండి వస్తే ఏం చేస్తాం, చప్పుడు విని రోగం చెప్తాం కదా. అట్లాగే చప్పుడు విని కుప్పలు పెట్టాడు.

డిపోలో పాత మెకానిక్‌లు ఇంజను లోపలి చప్పుడు వినడానికి పొడుగు స్క్రూడ్రైవర్ వాడతారు. మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనిస్తారు. మొత్తం రొదలోంచి ఒక్క బేరింగు మూలుగు విడిగా తేలి వస్తుంది. మేస్త్రి స్పీకర్ పెట్టె చెక్కకు స్క్రూడ్రైవర్ ఆనించి నా చెవి దగ్గర పెట్టాడు. గిటార్ల గోల అంతా వెనక్కిపోయి కింద నడుస్తున్న బేస్ ఒక్కటే ఎముకలోకి వచ్చింది. "అంత ఒక్కపారే ఇంటే ఏం ఇన్నట్టు? ఒక్కొక్కని పని చూడు ముందు" అన్నాడు. ఆయన దగ్గర నియమం అదే. ఒక పాట నాలుగుసార్లు వినాలి. ఒకసారి బేస్, ఒకసారి డ్రమ్స్, ఒకసారి గిటార్. గొంతు చివర. "గొంతు ప్యాసింజర్ బిడ్డా. బండి నడిపేది గాయన గాదు."

నేను ఊరుకుంటానా, ఇంగ్లీషు వచ్చినవాణ్ని. కోఠి ఫుట్‌పాత్ మీద పాత విదేశీ పత్రికలు కొనుక్కొచ్చి ఆయన కుప్పలకు పేర్లు పెట్టడం మొదలుపెట్టాను. ఇది పంక్, ఇది థ్రాష్, ఇది సైకెడెలిక్. ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "పేరు చెప్పకు. పేరు తెల్సినంక ఎవడూ ఇనడు." నా పేర్లకీ ఆయన కుప్పలకీ దాదాపు తేడా లేకపోవడం చూసి నాకు మొదట ఆశ్చర్యం వేసింది, తర్వాత కొంచెం కడుపుమండింది. పంక్ ఆయనకు స్టార్టర్ పనిచేయని బండి. నలుగురు దిగి తోస్తారు, ఊపు మీద అంటుకుంటుంది, ఇక ఆపితే మళ్లీ అంటుకోదు కాబట్టి రెండు నిమిషాల్లో పని కానిస్తారు. బ్లూస్ మీద కట్టిన పాత రాక్‌కి ఆయన చెప్పింది విని చాలాసేపు నవ్వాను: "డ్యూటీ దిగి ఇంటికి పోతున్న డ్రైవర్. తొందర లేదు, ఖుషీగున్నడు, కానీ ఇంట్ల పెండ్లాం తోని లొల్లున్నది." ప్రోగ్రెసివ్ రాక్ దగ్గర మాత్రం వేలు పైకెత్తి కూచునేవాడు. "లెక్కవెట్టు. ఏడు ఒస్తది. ఎనిమిదోది రాదు. ఆడ మలుపున్నది, శ్రీశైలం ఘాట్ లెక్క." నేను ఎనిమిదో దెబ్బ కోసం కాలు ఎత్తి పడేవాణ్ని. ఆయన పడేవాడు కాదు.

ఆ పదేళ్లలో నేను విన్నదంతా ఆ గదిలో విన్నదే. కానీ ఆ గదిలో నేను చూడనిది ఒకటుంది. అదే చెప్పాలి ఇప్పుడు.

స్వరూప. నాకంటే నాలుగేళ్లు చిన్నది. నేను విన్నవన్నీ ఆ అమ్మాయీ వింది, గుమ్మం దగ్గర కూచుని, బియ్యంలో రాళ్లు ఏరుతూ. ఒక రోజు మేస్త్రి పాత బస్సు సీటు చెక్క ఒకటి ఇంటికి తెచ్చాడు. దాన్ని కోసి, చెక్కి, పాత స్పీకర్ అయస్కాంతాలకు సన్నటి రాగి తీగ వారం రోజులు చేత్తో చుట్టి, గిటార్ చేశాడు. చూడ్డానికి వికారంగా ఉండేది. మోగేది మాత్రం మోగేది. నేర్పేవాళ్లు లేరు. ఆడపిల్లను గిటార్ నేర్చుకోవడానికి సికింద్రాబాద్ దాకా పంపే ఇల్లు కాదు అది. అందుకని ఆయన తనకు తెలిసిన పని చేశాడు. టేప్ రికార్డర్ మోటారు వెనక సన్నటి రంధ్రంలో ఒక మర ఉంటుంది. దాన్ని తిప్పితే వేగం మారుతుంది. రెండు రికార్డర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని నెమ్మది చేసి, వేగంగా సాగే పాటల్ని నిదానంగా ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించాడు. వేళ్లు ఎక్కడ ఎక్కడికి దూకుతున్నాయో స్వరూప చెవికి అందడం కోసం. స్వరం కిందికి దిగిపోయేది, ఆ అమ్మాయి తన తీగలు వదులు చేసుకునేది. అట్లాంటి క్యాసెట్ల మీద మేస్త్రి ఎర్ర ఇన్సులేషన్ పట్టీ అంటించేవాడు. డిపోలో వాళ్ల అలవాటది, నాకు అప్పటికి తెలియదు. మరమ్మతు సాగుతున్న బండికి ఎర్ర చీటీ కడితే దాన్ని ఎవరూ రోడ్డెక్కించకూడదు.

నేను రోడ్డెక్కించాను.

అప్పటికి నాకు ఇరవై ఆరు. చిన్న పత్రికల్లో పేరు పడుతోంది. ఇళ్లలో, సభల్లో, టీకొట్ల దగ్గర ఎవరితో పడితే వాళ్లతో వాదించేవాణ్ని, ఇప్పట్లాగే. ఒక రోజు మేస్త్రి ఇంట్లో లేనప్పుడు అల్మరాలోంచి ఒక క్యాసెట్ తీసుకున్నాను. ఎర్ర పట్టీ ఉంది కనుకే తీసుకున్నాను, మా వామపక్షంవాళ్లకు ఎరుపు కనపడితే చెయ్యి ఆగదు. విన్నాను.  భూమిలోంచి ఈడ్చుకొస్తున్నట్టు గిటార్లు, గనిలోంచి అరుస్తున్నట్టు గొంతు. ఇంత నెమ్మది, ఇంత బరువు నేనెప్పుడూ వినలేదు. పత్రికల్లో చదివిన డూమ్ మెటల్ ఇదేనని తీర్మానించేశాను. మూడు రోజుల్లో పన్నెండు పేజీల వ్యాసం రాశాను. ఈ నిదానం పారిశ్రామిక శ్రామికుడి అలసట అని, రోజంతా యంత్రానికి ఊడిగం చేసిన దేహం ఈ వేగంతోనే కదలగలదని, అందుకే మా ఇంటి వెనక వాటాలో ఒక బస్సు మెకానిక్ దీన్ని తన సంగీతంగా గుర్తుపట్టాడని.

ఆ వ్యాసం మీద చర్చ పెట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రెండో అంతస్తు, ఆదివారాలు ఖాళీ కాబట్టి సభలకు ఇచ్చేవాళ్లు. బోర్డు మీద ఎవరివో త్రికోణమితి సూత్రాలు చెరపకుండా ఉన్నాయి. నలభై మంది దాకా వచ్చారు. మా సీనియర్ విమర్శకుడు ఒకాయన ముందు వరసలో కూచున్నాడు, నన్ను ఉతికి ఆరేయడానికే వచ్చాడు. మేస్త్రిని నేనే పిలిచాను. ఎందుకు పిలిచానో ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది. సాక్ష్యంగా పిలిచాను. డ్యూటీ నుంచి నేరుగా ఖాకీ బట్టల్లో వస్తే బాగుంటుందని కూడా అన్నాను. ఆయన వచ్చి చివరి బెంచీలో కూచున్నాడు.

సీనియర్ లేచాడు. "మన పల్లెల్లో పాట లేదా? కార్మికుడికి తన పాట తనకు లేదా? ఈ తెల్లవాళ్ల అరుపులు తెచ్చి వాడి నెత్తిన పెడతావా?" అన్నాడు. నేను లేచాను. అరుపులో ఎవరు అరుస్తున్నారో వినే ఓపిక లేనివాళ్లే దాన్ని అరుపు అంటారన్నాను. వినండి అని క్యాసెట్ పెట్టాను. గది నిండా ఆ బరువు పరుచుకుంది. కొందరు తలలు వంచుకున్నారు. గెలిచాననుకున్నాను.

పాట అయ్యాక సీనియర్ వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా, నీ గురించే అంట ఇదంతా. నువ్వే చెప్పు. ఇది నీ అలసటేనా?"

మేస్త్రి వెంటనే లేవలేదు. నన్ను చూశాడు. ఆ చూపులో 'అడక్కపోతే బాగుండు' అని ఉంది. నాకప్పుడు అర్థం కాలేదు. 'చెప్పండి కాకా' అని తల ఊపాను.

"బిడ్డా, గా క్యాసెట్ ఏడికెల్లి తీసినవ్?"

"మీ అల్మరాలోంచే కాకా."

"ఎర్ర పట్టీ ఉన్నదా దాని మీద?"

"ఉంది."

"మరి ఎర్రది కట్టినంక బండి బయటికి తీస్తరా?" అని తనలో తను అనుకున్నట్టుగా అని, లేచి నిలబడ్డాడు. "సార్, గిది గింత నిదానం పాట గాదు. మా బిడ్డ నేర్చుకుంటున్నదని నేనే మోటర్ స్లో చేసిన. అసలు పాట గాలి లెక్క ఉర్కుతది."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గది గదంతా నవ్వింది. సీనియర్ బెంచీ మీద చరిచి మరీ నవ్వాడు. మేస్త్రి కూచోలేదు. నవ్వు తగ్గేదాకా నిలబడి, ఆయనవైపు తిరిగి అన్నాడు: "మీరు చెప్పింది గూడ తప్పే సార్. అలసిపోయినోడు పాటలు ఇనడు, పండుకుంటడు. నేను ఇంటున్ననంటే ఇంక తాకత్ ఉన్నట్టే. మీ పాట ఇంట, గా పాట ఇంట. నా చెవులు నేను ఎవరికీ కిరాయికియ్యలే."

ఈ మాటను నేను ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. ఆ రోజు మాత్రం వినలేదు. నాకు వినపడింది నవ్వే. కిందికి దిగుతూ మెట్ల మీద ఆయన్ని ఆపాను.

"ఇంటికెళ్లాక చెప్పొచ్చుగా కాకా. పదిమందిలో నా పరువు తీశారు."

"పదిమందిల అడిగిండు గద ఆయన. పదిమందిల అబద్ధం చెప్పాల్నా?"

"మీకు ఈ విషయాలు అర్థం కావు" అన్నాను.

అన్నాను, నిజంగానే. శ్రామికుడి తరఫున పన్నెండు పేజీలు రాసినవాణ్ని, ఒక శ్రామికుడు నోరు తెరిచి రెండు ముక్కలు చెప్పేసరికి నా నోట్లోంచి వచ్చింది ఆ మాట.  ఆయన మెట్లు దిగి, రోడ్డు దాటి, కదులుతున్న బస్సు పట్టుకుని వెళ్లిపోయాడు.

నాలుగు నెలలు వెనక వాటాకు వెళ్లలేదు. ఒకే ఇల్లు, ఒకే నీళ్ల కుళాయి. ఎదురుపడితే ఆయన "తిన్నవా బిడ్డా" అనేవాడు, నేను తల ఊపి పక్కకు తప్పుకునేవాణ్ని. ఆదివారం మధ్యాహ్నం గోడలోంచి చప్పుడు మొదలవగానే చొక్కా వేసుకుని బయటపడి సరూర్‌నగర్ చెరువు కట్ట మీద ఊరికే నడిచేవాణ్ని. వాదించడానికి మనిషి దొరక్క నాతో నేనే వాదించుకునేవాణ్ని. అన్నిటిలోనూ నేనే గెలిచేవాణ్ని.

ఒక సాయంత్రం గేటు దగ్గర స్వరూప అడ్డం నిలబడింది. చేతిలో నా వ్యాసం ఉన్న పత్రిక.

"మొత్తం సదివిన అన్నా. మంచిగ రాసినవ్. నేనేడున్న ఇందుల?"

"ఇది నీ గురించి కాదు కదమ్మా."

"గా టేపు నాది. నేను నేర్చుకునేది. రోజు గోడకవతల నేను వాయిస్తుంటే నీకు ఇనవడలేదా? మా నాయిన అలసట ఒక్కటే కనవడ్డదా? నేను కనవడలే?"

  పత్రిక నా చేతిలో పెట్టి, "మా నాయిన రోజు అడుగుతుండు, అన్న కోపం తగ్గిందా అని. తగ్గితే రా. మళ్ల రాయి" అంది.

ఆ ఆదివారం వెళ్లాను. మేస్త్రి పాత గొడవ ఎత్తలేదు. "కూసో" అన్నాడు, అంతే. స్వరూప సీటు చెక్క గిటార్ తీసి అదే పాట అసలు వేగంతో వాయించింది. రెండు చోట్ల తప్పింది, పళ్లు బిగించి మళ్లీ అందుకుంది. ఆయన కళ్లు మూసుకోలేదు. ఆమె వేళ్లనే చూస్తూ కూచున్నాడు. మళ్లీ రాయి అన్న ఆ వ్యాసం నేను రాయలేదు. ప్రపంచంలో అందరి తప్పుల మీదా రాశాను, దాని మీద తప్ప.

తర్వాత వాళ్లు ఎల్బీ నగర్ వైపు వెళ్లిపోయారు. ఇల్లు మారేటప్పుడు సీటు చెక్క గిటార్ మెడ విరిగింది. స్వరూప ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉద్యోగంలో చేరింది, పెళ్లి చేసుకుంది, మొదటి జీతాలతో సొంత గిటార్ కొనుక్కుంది. భార్య పోయాక మేస్త్రి కూతురి దగ్గరే ఉన్నాడు. డిపో రొద ఆయన చెవులు తినేసింది. చెవికి మిషను పెట్టించారు, పెట్టుకునేవాడు కాదు. స్పీకర్ పెట్టెకు నుదురు ఆనించి కూచునేవాడు. నేను వెళ్లినప్పుడల్లా నా ఫోన్‌లోంచి కొత్తవి అడిగేవాడు. ఈమధ్య పోస్ట్-రాక్ ఒకటి వినిపించాను. మాట లేదు, దెబ్బ లేదు, పది నిమిషాలు తేలుతూ సాగే గిటార్లు. చాలాసేపు నుదురు తీయలేదు. "గిది బండి గాదు బిడ్డా" అన్నాడు చివరికి. "బండి పోయినంక రోడ్డు."

ఇదీ ఆ భక్తి గీతాల ప్రియుడు.

పదకొండో రోజుకు స్వరూప ఒకటే కోరింది. భోజనాలకు ముందు నాయిన కోసం ఒక పాట వాయిస్తాను అని. మేనమామ ఒప్పుకోలేదు. మూడు రోజులు ఇంట్లో అదే గొడవ. చావు ఇంట్లో గిటారేంది అన్నాడు, చుట్టాలు నవ్వుతారన్నాడు, అక్క బతికుంటే ఒప్పుకునేదా అన్నాడు. భజన మండలిని మాట్లాడేశాడు. వాయిస్తే నేను మధ్యలోనే ఆపించేస్తానని మొహం మీదే చెప్పాడు. స్వరూప నాకు ఫోన్ చేసి ఏడ్చింది. వాదనకు దిగడానికి నాకు కావలసిందీ అదే. ముందు రోజంతా కూచుని ఉపన్యాసం తయారుచేసుకున్నాను. సంస్కృతి పేరుతో మనిషిని చెరిపేయడం గురించి, విభూతి గురించి, ఖాకీ చొక్కా గురించి. పదునుగా వచ్చింది.

పదకొండో రోజు మధ్యాహ్నం షామియానా కింద స్వరూపకు కాగితాలు చూపించాను. రెండు పేజీలు చదివి మడిచి నా జేబులోనే పెట్టింది.

"ఒద్దన్నా. నువ్వు మాట్లాడితే మామ మాట్లాడతడు. మళ్ల మీ ఇద్దరి ముచ్చటే అయితది. నాయినది గాదు, నాది గాదు."

"మరి నేనేం చెయ్యాలి?"

"మామ పక్కకు పోయి నిలవడు. ఏమనకు. ఊకె నిలవడు."

ఊరికే నిలబడటం. ఇంతకంటే కష్టమైన పని నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆమె మాటతో నాకొకటి తగిలింది. ఆ మేనమామ బావ నుదుట విభూతి పెట్టాడు. నేను అదే మనిషి ఒంటికి అలసట పూశాను. ఇద్దరం ఆయన ఫొటోను మాకు నచ్చినట్టు దిద్దుకున్నవాళ్లమే. మేనమామ ఫోన్‌లో చేయించాడు, నేను పన్నెండు పేజీల్లో చేశాను.

స్వరూప కుర్చీ లాక్కుని కూచుంది. గిటార్ తీగ మైకువాళ్ల పెట్టెకు తగిలించింది. భజన మండలివాళ్లు తాళాలు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు. చివరి వరసలో డిపో నుంచి వచ్చిన ముసలివాళ్లు పదిమంది దాకా ఉన్నారు. ఆకులు వేయబోతున్నవాళ్లు ఆగారు. మేనమామ లేచాడు. స్పీకర్లు నిలబెట్టిన మూల పక్కన గుంజకు మెయిన్ స్విచ్ డబ్బా కట్టి ఉంది. ఆయన నేరుగా అక్కడికి నడిచాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"జరుగు సార్" అన్నాడు.

నా నాలుక చివర ఉపన్యాసం మొత్తం ఉంది. పళ్లు బిగించాను. జరగలేదు, మాట్లాడలేదు.

ఆయన నా మీదుగా చెయ్యి చాపి స్విచ్ మీద వేశాడు. అప్పుడే మొదటి స్వరం వచ్చింది. ఏ పాటో నాకు తెలియదు. ఏ రకమో చెప్పమంటే ఈ రోజుకీ చెప్పలేను. మొదట్లో ఒకటి రెండు తీగలు తప్పాయి. తర్వాత కింది తీగ ఒకటి పట్టుకుంది, దాన్ని వదలకుండా పైన మిగతావి కట్టుకుంటూ పోయింది. షామియానా గుంజలన్నీ సన్నగా అదురుతున్నాయి. వెనక వరసలోంచి ఒక ముసలాయన, "స్వరూపమ్మా, పెద్దగ బిడ్డా" అని అరిచాడు.

మేనమామ మొహం ఎర్రబడింది.  స్విచ్ మీద బొటనవేలు బిగుసుకుంది. ఇప్పుడు దించేస్తాడు అనుకున్నాను. ఆయన నన్ను చూడలేదు, చుట్టాలను చూడలేదు. మేనకోడల్ని చూస్తున్నాడు. పాట పెద్దదైంది, ఇంకా పెద్దదైంది, ఆ ఇనప డబ్బా ఆయన అరచేతి కింద గుండెలా కొట్టుకుంటోంది. స్వరూప చివరి తీగ మీద వేలు ఆనించి, అది దానంతటది ఆగేదాకా వదిలేసింది. అంతసేపూ ఆయన స్విచ్ దించలేదు. చెయ్యి కూడా తీయలేదు.